తీరిక వేళల పని: నరసాపురం లేసు చెప్పే అభివృద్ధి చరిత్ర

గోదావరి డెల్టా అభివృద్ధి గురించి రాసినవాళ్లందరూ ధవళేశ్వరం ఆనకట్టతోనే మొదలుపెడతారు. అందులో తప్పేమీ లేదు. 1832-33లో వచ్చిన నందన కరువు, దాని వెనక వచ్చిన తుఫానులు, పంటలు పోయిన ఏళ్లు కలిసి ఆనాటి రాజమండ్రి జిల్లాను సగం పాడుపెట్టాయి. 1821లో 7 లక్షల 38 వేలున్న జిల్లా జనాభా 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. 1847లో మొదలైన ఆనకట్ట 1852లో పూర్తయింది. కాలవలు పారాయి, వరి పండింది, శిస్తు పెరిగింది, కాటన్ దొర విగ్రహాలు ఊరూరా లేచాయి. ఎన్ని ఎకరాలు తడిశాయి, ఎంత శిస్తు వసూలైంది, ఎన్ని మైళ్ల కాలవ తవ్వారు అన్న లెక్కలు దొరల రికార్డుల్లో ఉన్నాయి. వాటినే మన చరిత్రకారులు తిరగరాశారు, మన పాఠ్యపుస్తకాలు నేర్పాయి, పాతికేళ్లుగా బడిలో నేనూ నేర్పుతున్నాను.

ఆ లెక్కల్లో మడిలో వంగి ఊడ్చిన మనిషి లేదు. కలుపు తీసిన మనిషి లేదు. వరి పెరిగిన కొద్దీ ఊడ్పుకూ కలుపుకూ కోతకూ ఆడవాళ్ల చేతులు ఎన్ని ఎక్కువ అవసరమయ్యాయో, అవి ఏ కులాల వాడల నుంచి వచ్చాయో, మగకూలికీ ఆడకూలికీ మధ్య తేడా ఎంత ఉండేదో అడిగిన చరిత్ర పుస్తకం నా చదువులో నాకు ఎదురుపడలేదు. భూమి, నీరు, పెట్టుబడి, పంట అనే నాలుగు మాటలతో ఒక ప్రాంతపు అభివృద్ధి కథ ముగిసిపోయింది. అయితే ఈ వ్యాసం పొలం గురించి కాదు. అదే నేల మీద, దాదాపు అదే కాలంలో మొదలై, పొలం కన్నా మరింతగా కంటికి కనబడకుండా పోయిన ఇంకో పని గురించి. అది నరసాపురం లేసు.

ఒక ప్రాంతపు ఆర్థికాభివృద్ధిని స్త్రీల వైపు నుంచి, అందులోనూ ఏ కులపు స్త్రీ, ఏ వర్గపు స్త్రీ అని విడదీసి చూడాలని నేటి ప్రణాళికా పత్రాలు కూడా అంటున్నాయి. 2005-06 నుంచి కేంద్ర బడ్జెటుతో పాటు స్త్రీల కేటాయింపుల పట్టిక ఒకటి వస్తోంది. 'జెండర్ విశ్లేషణ', 'వైవిధ్య దృష్టి' అనే మాటలు శిక్షణ తరగతుల్లో నలుగుతున్నాయి. మాటలు కొత్తవే గాని ప్రశ్న పాతది. ఆ ప్రశ్న వేయకపోతే ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి లేసు చరిత్రకు మించిన పాఠం మన దగ్గర లేదని నా అభిప్రాయం.

నరసాపురం, పాలకొల్లు ప్రాంతాలకు 1836 తర్వాత ఇంగ్లండు నుంచి మిషనరీలు వచ్చి స్థిరపడ్డారు. 19వ శతాబ్దం మధ్యలో స్కాట్లండు నుంచి వచ్చిన మిషనరీ దంపతులు ఇక్కడి స్త్రీలకు లేసు అల్లిక నేర్పారని చెబుతారు. మొదట నేర్చుకున్నవాళ్లు కొత్తగా క్రైస్తవంలో చేరిన పేద కుటుంబాల స్త్రీలు, ఎక్కువగా మాల మాదిగ వాడలవాళ్లు. కరువు తిని వదిలిన నేల అది. నాలుగు డబ్బులు వచ్చే పని చూపించడం దయ కిందకే వస్తుంది, కాదనను. కానీ ఆ దయతో పాటు ఒక ఆదర్శం కూడా వచ్చింది. పొలాల్లో తిరిగే ఆడమనిషి కన్నా ఇంట్లో కూర్చుని, శుభ్రమైన చీర కట్టుకుని, సూదిపని చేసుకునే ఆడమనిషి నాగరికురాలన్నది ఆ ఆదర్శం. అది విక్టోరియా రాణి కాలపు ఇంగ్లండు మధ్యతరగతి ఇంటి నీతి. మన దేశంలోని అగ్రకులాల నీతికి అది దగ్గర చుట్టం. రెండూ కలిసినచోట లేసు అనేది పని కాకుండా పోయి, మంచి గృహిణి లక్షణంగా మారింది. మిషనరీలను పొగడటానికో తిట్టడానికో ఈ మాట అనడం లేదు. పనికి పని అనే పేరు పోవడం ఎక్కడ మొదలైందో చూపడానికి అంటున్నాను.

అల్లిన లేసును మొదట మిషనరీలే తమ దేశాల్లో తెలిసినవాళ్లకు పంపించి, వచ్చిన డబ్బు ఇక్కడివాళ్లకు ఇచ్చేవారు. 1900 ప్రాంతాల్లో అది వ్యాపారమైంది. ఇక్కడి వర్తకులే సరుకు కూడగట్టి విదేశాలకు పంపడం మొదలుపెట్టారు. అల్లేవాళ్లు ఆడవాళ్లు, అమ్మేవాళ్లు మగవాళ్లు అన్న గీత అప్పుడే పడింది. నూరేళ్లు దాటినా ఆ గీత పెద్దగా చెరగలేదు.

ఈ పని నడిచే తీరు కొంచెం వివరంగా చూడాలి, ఎందుకంటే దోపిడీ అనే మాట మనం తరచుగా వాడతాం గాని అది ఏ కీలు దగ్గర జరుగుతుందో చాలాసార్లు చూపించం. ఎగుమతి వర్తకుడి దగ్గర నూలు ఉండలుంటాయి, విదేశాల నుంచి వచ్చిన మచ్చులుంటాయి. ఏజెంటు ఆ నూలును ఊళ్లోకి తెచ్చి ఇంటింటికీ పంచుతాడు. ఒక్కో ఇంట్లో ఒక్కో రకం పువ్వు అల్లుతారు. ఒకావిడ జీవితమంతా ఒకటి రెండు రకాల పువ్వులే అల్లవచ్చు. ఆ పువ్వులు మళ్లీ ఏజెంటు చేతిలోకి పోయి వేరే స్త్రీల దగ్గరికి చేరతాయి. వాళ్లు చేసేది అతుకుపని. అంటే విడివిడి పువ్వుల్ని కలిపి బల్లగుడ్డగానో పరుపు దుప్పటిగానో చేయడం. ఆ తర్వాత ఉతుకు, ఇస్త్రీ, మూటకట్టడం వర్తకుడి కొట్టు దగ్గర జరుగుతాయి. పువ్వు అల్లినావిడ పూర్తి దుప్పటిని చూడదు. అతికినావిడకు పువ్వుకెంత ఇచ్చారో తెలియదు. దుప్పటి ఏ దేశం పోయిందో, అక్కడ ఎంతకు అమ్మిందో ఇద్దరికీ తెలియదు. కూలి రోజుకింత అని కాదు, అల్లిన పువ్వుల లెక్కన, వాడిన నూలు లెక్కన. నూలు తగ్గిందంటే కోత, మాసిందంటే కోత, ఆర్డరు రద్దయిందంటే కోత. షెడ్డు వర్తకుడు కట్టడు, ఆమె ఇంటి అరుగే షెడ్డు. దీపం ఆమెది, వెలుగు చాలక పాడయ్యే కన్నూ ఆమెదే. ఫ్యాక్టరీ అనేది ఒకచోట కనిపిస్తే కదా ఫ్యాక్టరీ చట్టం వర్తించేది! ఊరంతా పరుచుకున్న ఫ్యాక్టరీకి గోడల్లేవు, గేటు లేదు, గేటు ముందు నిలబడి జెండా ఎత్తడానికి చోటూ లేదు.

ఇంత పనినీ వర్తకులు ఒక్క ముక్కలో తేల్చేవారు: ఆడవాళ్లు తీరిక వేళల్లో చేసుకునే పని. తీరిక అనే ఈ మాట దగ్గర ఆగాలి. తెల్లవారకముందే లేచి, వాకిలి ఊడ్చి, నీళ్లు మోసి, వంట చేసి, పశువుకు మేత వేసి, పిల్లల్ని బడికి పంపి అరుగు మీద కూర్చున్న మనిషి చేతిలో కొక్కెం సూది. మధ్యాహ్నం మళ్లీ వంట, సాయంత్రం మళ్లీ వంట. రాత్రి అందరూ పడుకున్నాక దీపం దగ్గర మళ్లీ సూది. మా అమ్మ అలా అల్లింది. ఆవిడ చూపుడువేలు మీద సూది ఒరుసుకుని కాయకాసిన చోటు నాకు బాగా తెలుసు. ఆవిడ తీరిగ్గా కూర్చున్నది నేను చూడలేదు. సూది చేతిలో లేనప్పుడు ఆవిడకు ఏం చేయాలో తోచేది కాదు. మా నాన్న మాత్రం "మా ఆడవాళ్లు పనికి పోరు" అని చెప్పుకునేవాడు. అందులో గర్వం ఉండేది. అబద్ధమాడుతున్నానని ఆయన అనుకోలేదు, అమ్మా అనుకోలేదు. నేనూ ఎమ్మే చదివేదాకా అనుకోలేదు.

ఈ పనిని మొదటిసారి పద్ధతిగా లెక్కకట్టినది జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్. అంతర్జాతీయ కార్మిక సంస్థ కోసం 1978-79లో ఆమె నరసాపురం ప్రాంతంలో పరిశోధన చేసింది. 1982లో అది పుస్తకంగా వచ్చింది. లక్షకు పైగా స్త్రీలు ఈ అల్లికలో ఉన్నారని ఆమె అంచనా. రోజంతా అల్లిన పనికి ఒక్క రూపాయి కూడా గిట్టడం లేదని, పొలం కూలికి పోయే స్త్రీకి ప్రభుత్వం నిర్ణయించిన కనీసవేతనంలో అది మూడోవంతు కూడా కాదని ఆమె లెక్క తేల్చింది. ప్రపంచ మార్కెట్టు కోసం సరుకు తయారుచేస్తున్న కార్మికురాలిని గృహిణి అని పిలవడం వల్లనే ఇంత తక్కువ కూలి సాధ్యమవుతోందన్నది ఆమె సిద్ధాంతం. ఇంటి ఖర్చు మగవాడు చూస్తాడు, ఈమెది పైసంపాదన కదా అన్న ఊహతో రేటు నిర్ణయమవుతుంది. ఇంట్లో మగవాడు లేకపోయినా, ఉన్నా తేకపోయినా రేటు మారదు. వితంతువు అల్లినా పువ్వు రేటు అంతే.

ఇంతవరకు చెప్పింది స్త్రీ అనే ఒక్క మాటతో సరిపోతుంది. ఇక్కడ ఆగిపోతే మాత్రం లేసు మనకు సగమే అర్థమవుతుంది. మీస్ పుస్తకంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన భాగం కులం గురించి. పని మొదలైంది దళిత క్రైస్తవ స్త్రీలతో. తర్వాత అది అగ్నికులక్షత్రియ స్త్రీలలోకి, కాపు స్త్రీలలోకి విస్తరించింది. ఆమె పరిశోధన నాటికి కాపు స్త్రీలు పెద్ద సంఖ్యలో అల్లుతున్నారు. వాళ్లలో చాలామంది పేదలే. కానీ పొలం పనికి పోకుండా ఇంటిపట్టున ఉండటం వాళ్లకు కులమర్యాద. ఆ మర్యాద నిలవాలంటే గడప దాటకుండా దొరికే పని కావాలి. ఆ పని ఎంత తక్కువ ఇచ్చినా వద్దనడానికి లేదు. మాల మాదిగ వాడల స్త్రీలకు ఆ మర్యాద ఎవరూ ఇవ్వలేదు, కాబట్టి ఆ సంకెలా లేదు. వాళ్లు పొలానికి పోయారు, ఎండలో వంగారు, తిట్లు తిన్నారు. కానీ చేతికి వచ్చిన కూలి లేసు కూలి కన్నా ఎక్కువ. పదిమంది కలిసి పనిచేసేచోట పదిమంది కలిసి రేటు అడిగే వీలుంది. అరుగు మీద ఒంటరిగా కూర్చున్న మనిషికి అది లేదు.

అంటే పైకులం అనిపించుకున్న పేద స్త్రీ కూలి తక్కువ, కిందికులం అనిపించుకున్న పేద స్త్రీ కూలి ఎక్కువ. మర్యాద మాత్రం తలకిందులు. ఆర్థికశాస్త్రం ఒక్కదానితో గాని, స్త్రీవిముక్తి అనే నినాదం ఒక్కదానితో గాని ఈ చిక్కు విప్పలేం. కూలిలో కోసుకున్న భాగాన్ని కులగౌరవం రూపంలో తిరిగి చెల్లించే పద్ధతి ఇది. ఆ చెల్లింపుతో వర్తకుడికి దమ్మిడీ ఖర్చు లేదు. పొలంలో కూలి కాస్త ఎక్కువైనంత మాత్రాన అక్కడి దళిత స్త్రీ సుఖపడిందని ఎవరైనా అర్థం తీస్తే అది నా తప్పు కాదు. 1985 జులైలో కారంచేడులో మంచినీళ్ల చెరువు దగ్గర నీళ్లు పాడుచేయవద్దని అడ్డం చెప్పిన మాదిగ స్త్రీ మీద చేయిచేసుకోవడంతో మొదలై అది హత్యాకాండ దాకా పోయింది. కారంచేడు వెనకబడిన ప్రాంతం కాదు. కాలవ నీళ్లు, వాణిజ్య పంటలు, కొత్త డబ్బు ఉన్న కోస్తా ఊరు. జిల్లా తలసరి ఆదాయం పెరిగిన కాగితం చూసి ఆ నీళ్ల దగ్గర ఎవరి బిందె ఎక్కడ ఆగుతుందో చెప్పలేం.

మళ్లీ లేసుకు వద్దాం. 1970 దశకంలో హరితవిప్లవంతో డెల్టా రైతుల్లో కొందరి చేతిలో మిగులు పోగుపడింది. ఆ మిగులు సినిమాల్లోకి పోయింది, రైసుమిల్లుల్లోకి పోయింది, కొంత లేసు వ్యాపారంలోకీ వచ్చింది. పాత క్రైస్తవ వర్తకుల పక్కన కాపు రైతుల నుంచి వచ్చిన కొత్త ఎగుమతిదారులు లేచారు. ఈ మార్పును మీస్ గుర్తించింది. అంతకుముందు ఊళ్లలో నూలు పంచే పనిలో కొందరు స్త్రీలుండేవారు. వ్యాపారం పెరిగి సైకిలూ స్కూటరూ అవసరమయ్యేసరికి ఆ చోటూ మగవాళ్లదయింది. ఒకే కులంలో ఎగుమతిదారుడున్నాడు, పువ్వు అల్లే స్త్రీ ఉంది. ఒకే లింగంలో ఎగుమతిదారుడి భార్య ఉంది, పువ్వు అల్లే స్త్రీ ఉంది. కులం ఒక్కటే చూస్తే మొదటి తేడా కనబడదు, స్త్రీత్వం ఒక్కటే చూస్తే రెండోది కనబడదు, వర్గం ఒక్కటే చూస్తానన్నవాడికి అసలు ఆ అల్లే మనిషే కనబడదు. ఎందుకంటే ఆమె ఏ వర్గపు జాబితాలోనూ లేదు.

జాబితాలో లేదన్నది అలంకారంగా అన్న మాట కాదు. 1961 జనాభా లెక్కల్లో దేశంలో పనిచేసే స్త్రీలు సుమారు 5 కోట్ల 90 లక్షలు. 1971లో వాళ్లు 3 కోట్ల 10 లక్షల చిల్లర. పదేళ్లలో సగం మంది స్త్రీలు పని మానేశారా? లేదు. 1971లో ప్రశ్న మారింది. 'నీ ముఖ్యమైన పని ఏమిటి' అని అడిగారు. గడపలో నిలబడి జవాబు చెప్పింది ఎక్కువగా ఇంటి మగవాడు. 'ఇంటిపని' అన్నాడు. ఆ ఒక్క జవాబుతో కోట్ల మంది కార్మికులు గృహిణులయ్యారు. లేసు అల్లేవాళ్లూ అందులోనే కొట్టుకుపోయారు. స్త్రీల స్థితిగతుల మీద ప్రభుత్వం వేసిన సంఘం 1974 చివర సమర్పించిన నివేదికలో స్త్రీలు పనుల నుంచి జారిపోతున్న సంగతిని బయటపెట్టింది. అంతకు నాలుగేళ్ల ముందే, 1970లో, ఎస్టర్ బోసరప్ అనే డేనిష్ ఆర్థికవేత్త అభివృద్ధి పథకాలు స్త్రీలను పక్కకు నెడుతున్నాయని పుస్తకం రాసింది. దాని ఫలితమో, 1975 అంతర్జాతీయ మహిళా సంవత్సరపు హడావుడి ఫలితమో, ఆరో పంచవర్ష ప్రణాళికలో (1980-85) మొదటిసారి స్త్రీల అభివృద్ధి మీద ఒక అధ్యాయం చేరింది. అంతకుముందు అయిదు ప్రణాళికల్లో స్త్రీ ఎక్కడుంది అంటే సంక్షేమం పద్దులో, తల్లీబిడ్డల పక్కన ఉంది. ఉత్పత్తి పద్దులో లేదు.

ఉత్పత్తి పద్దులో ఉన్నది కుటుంబం. కుటుంబానికి ఒక పెద్ద, ఆ పెద్ద మగవాడు. ఆంధ్రప్రదేశ్ 1973 భూసంస్కరణల చట్టంలో ఇది కొట్టవచ్చినట్టు కనిపిస్తుంది. ఇంట్లో భూమి లేని మేజరు కొడుకుంటే ఆ కుటుంబం ఉంచుకోగల పరిమితి పెరిగేలా దానికి సవరణ చేశారు. మేజరు కూతురుంటే పెరగదు. ప్రగతిశీల చట్టమని మనం సమర్థించిన చట్టమే, అమలు చేయాలని ఊరేగింపులు తీసిన చట్టమే అది. ఆ ఊరేగింపుల్లో ఆడవాళ్లు కూడా నడిచారు. 1985 సెప్టెంబరు నుంచి అమలయ్యేలా రాష్ట్రం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి కూతురికి పిత్రార్జితంలో సమాన హక్కు ఇచ్చింది. దేశానికే దారిచూపిన మంచి సవరణ అది. అయితే అప్పటికే పెళ్లయినవాళ్లకు అది వర్తించలేదు, సెంటు భూమి లేని ఇంటి కూతురికి అది ఇచ్చిందేమీ లేదు. ఒకే చట్టం ముగ్గురు కూతుళ్లకు మూడు రకాలుగా పనిచేసింది.

1982లో సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకం కింద స్త్రీల కోసం డ్వాక్రా వచ్చింది. దేశంలో 50 జిల్లాల్లో మొదలైంది. 15 నుంచి 20 మంది స్త్రీల గుంపు, గుంపుకు 15 వేల రూపాయల నిధి. స్త్రీని నేరుగా లెక్కలోకి తీసుకున్న పథకం గనక దాన్ని తేలిగ్గా తీసేయడం న్యాయం కాదు. బ్యాంకు గడప తొక్కని మనిషి బ్యాంకు గడప తొక్కింది, తన సంతకం తను చేసింది. కానీ ఆ గుంపులో 'స్త్రీలు' అని రాసుకున్నవాళ్లలో ఎవరి దగ్గర పాడిగేదెకు మేత వేయడానికి గట్టుంది, ఎవరికి లేదు? పచ్చడి చేసి అమ్మితే ఎవరి చేతి పచ్చడి ఊరు కొంటుంది, ఎవరి చేతిది కొనదు? ఈ రెండో ప్రశ్న పల్లెటూళ్లో బతికినవాళ్లెవరికీ వివరించనక్కరలేదు. ఊరి హోటల్లో రెండు గ్లాసులున్నచోట పచ్చడి పథకం రెండు కులాల స్త్రీలకు ఒకేలా పనిచేయదు. ఆ సంగతి పథకం కాగితాల్లో కనిపించదు.

ఈ విశ్లేషణ ఎవరూ నేర్పకుండా చేసినవాళ్లు కూడా ఉన్నారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు అక్షరాస్యత తరగతుల్లో చదువుతూ, మాట్లాడుకుంటూ ఒక లెక్క కట్టారు. మగవాడికి వచ్చిన కూలి ఎంత, అందులో సారా దుకాణానికి పోయేదెంత, ఇంటికి చేరేదెంత, ఆ తర్వాత ఇంట్లో దెబ్బలెన్ని. కుటుంబ ఆదాయం అనే మాట అబద్ధమని, కుటుంబం లోపల రెండు ఆదాయాలూ రెండు ఖర్చులూ ఉన్నాయని వాళ్ల లెక్క. ఆ ఉద్యమంలో ముందున్నవాళ్లు ఎక్కువమంది దళిత, వెనకబడిన కులాల కూలి స్త్రీలు కావడం యాదృచ్ఛికం కాదు. రాష్ట్రంలో సారాను 1993 అక్టోబరు 1న నిషేధించారు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. ఆ ఉద్యమంలో లేచిన స్త్రీల కట్టును ప్రభుత్వాలు పొదుపు సంఘాల వైపు తిప్పాయి. 2000 తర్వాత వెలుగు, ఇందిరా క్రాంతి పథం, వాటి వెనక ప్రపంచబ్యాంకు. వాటి పక్కనే ఇంటి ముందుకు వచ్చి అప్పులిచ్చే ప్రైవేటు కంపెనీలు చేరాయి. వారం వారం కిస్తీ, ఒకరు కట్టకపోతే అందరూ పూచీ. ఆత్మహత్యల దాకా పోయాక 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ఆ కథ వేరే వ్యాసానికి సరిపడా ఉంది.

ఇక మన ఇంటి సంగతి. ఈ పత్రిక చదివే మనం రచయితలం, విమర్శకులం, సాహిత్య విద్యార్థులం. జనాభా లెక్కల గుమస్తాను తప్పుపట్టినంత సులువుగా మనల్ని మనం వదిలేయకూడదు. అభ్యుదయ సాహిత్యం రిక్షావాడిని రాసింది, చేనేతవాడిని రాసింది, బొగ్గుగని కార్మికుడిని రాసింది. 'మాలపల్లి' నుంచి పాలేరు బతుకు మన నవలలో ఉంది. శ్రమజీవి అనగానే మన కవికి కండలు తిరిగిన మగ దేహమే తోచింది. ఆడమనిషి వచ్చినప్పుడు ఆమె తల్లి అయింది, లేదా త్యాగమూర్తి అయింది, లేదా బాధితురాలు. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన స్త్రీల మాటల్ని వాళ్ల నోటితోనే చెప్పించి స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' పేరుతో 1986లో అచ్చువేసేదాకా, ఆ పోరాటం మీద మనం రాసిన దాంట్లో ఎవరు వండారో, ఎవరు పిల్లల్ని వదిలి వచ్చారో, పోరాటం ముగిశాక ఎవరిని ఇంటికి పొమ్మన్నారో లేదు. లేసు అల్లే స్త్రీ మన కథల్లో పాత్రగా నాకు దాదాపుగా ఎదురుపడలేదు. డెల్టా నుంచి అంతమంది కథకులు వచ్చారు. వాళ్లలో కొందరి ఇళ్ల అరుగుల మీదైనా ఆ సూది ఆడుతూనే ఉండి ఉంటుంది.

1993లో 'నీలిమేఘాలు' వచ్చినప్పుడు వంటిల్లు, గర్భం, దేహం కవిత్వ వస్తువులయ్యాయి. అది పెద్ద విజయం. ఆ వెనకే దళిత స్త్రీలు లేచి, మీ వంటింటి సంకెళ్లు మా కథ కాదు, మేము గుమ్మం దాటి పనికి పోయినవాళ్లమే, మా సంకెళ్లు పొలంలో ఉన్నాయి, బావి దగ్గర ఉన్నాయి అన్నారు. అప్పుడు మన విమర్శలో కొందరు విసుక్కున్నారు. మొదట వర్గాన్ని స్త్రీలు చీల్చారు, ఇప్పుడు స్త్రీలను కులం చీలుస్తోంది, ఇలా చీల్చుకుంటూ పోతే మిగిలేదేమిటని అడిగారు. నిజాయితీగా అడిగినవాళ్లూ ఉన్నారు గనక దానికి జవాబివ్వాలి. నరసాపురంలో చీలిక ఎవరో విమర్శకుడు తెచ్చింది కాదు. పువ్వు ఒకచోట, అతుకు ఒకచోట పెట్టి, అరుగును పొలం నుంచి విడదీసి, మర్యాదను కూలి నుంచి విడదీసి వర్తకం పెట్టిన చీలిక అది. పొలం కూలి చేసే దళిత స్త్రీకీ, అరుగు మీద కాపు స్త్రీకీ ఒకే కోరిక చుట్టూ ఐక్యత కట్టాలంటే మొదట ఇద్దరి కూలీ ఎందుకు వేరువేరుగా ఉందో ఇద్దరికీ తెలియాలి. తెలియకుండా కట్టిన ఐక్యతలో రెండోసారి కూడా ఆ ఇద్దరిలో ఒకరే లెక్కకొస్తారు.

నా వరకు నేను చేసిన తప్పు ఒకటి ఒప్పుకోవాలి. పిల్లల్ని బడిలో చేర్చుకునేటప్పుడు నింపే కాగితంలో తల్లి వృత్తి అని ఒక గడి ఉంటుంది. చాలా ఏళ్లు ఆ గడిలో తల్లిని అడగకుండానే 'గృహిణి' అని రాశాను. మొన్నామధ్య ఒకావిడ పిల్లను చేర్చడానికి వచ్చింది. వరసలో నిలబడి ఉన్నంతసేపూ సంచిలోంచి నూలు తీసి అల్లుతూనే ఉంది. "ఏం పని చేస్తారమ్మా?" అని అడిగాను. "ఏం పనీ లేదండి, ఇంటికాడే ఉంటానండి" అంది. చేతులు ఆగలేదు. ఆ గడిలో 'లేసు పని' అని రాశాను. పిల్ల తండ్రి పక్కనే ఉన్నాడు, అది పనేంటండీ అని నవ్వాడు.

ఇప్పుడు లేసు మళ్లీ వార్తల్లోకి వచ్చింది. యంత్రాల మీద అల్లిన చైనా లేసు దెబ్బకు కుదేలైన పరిశ్రమను నిలబెట్టడానికి నరసాపురం దగ్గర సీతారామపురంలో లేసు పార్కు కట్టారు. స్త్రీల సహకార సంఘాలు ఏర్పడ్డాయి. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇకమీద మరో ఊరి సరుకును ఆ పేరుతో అమ్మడం చట్టరీత్యా నేరం. సంతోషించవలసిందే. పేరుకు రక్షణ వచ్చింది. పువ్వు రేటుకు రక్షణ ఆ చట్టంలో లేదు, అది ఆ చట్టం పని కాదంటారు. కానీ ఆ 1999 చట్టంలో ఉత్పత్తిదారు అనే మాటకు ఇచ్చిన నిర్వచనం మన విద్యార్థులు ఒకసారి చదవాలి. చేతివృత్తుల విషయంలో సరుకు తయారుచేసే మనిషే కాదు, ఆ సరుకుతో వ్యాపారం చేసే మనిషి కూడా ఉత్పత్తిదారే అని అందులో రాసి ఉంది. ఆ పేరు వాడుకునే హక్కు కోసం ఉత్పత్తిదారులు విడిగా పేర్లు నమోదు చేయించుకోవాలి. దరఖాస్తులు పెట్టగల తీరిక, రుసుము కట్టగల స్తోమత, ఇంగ్లీషు కాగితం చదవగల చదువు ఎవరికున్నాయో వాళ్ల పేర్లు ముందు ఎక్కుతాయి.